బావ విప్పిన ముడులు

1986 మే నెలాఖరులో ఒక మంగళవారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, ముంబయి కామాఠిపురా పదకొండో గల్లీలో మా అక్క ఉండే వరుస గదుల మేడ, చాల్‌కు నల్లా నీళ్లు వచ్చాయి. వారం రోజులుగా ఐదు దాటితే గాని రాని నీళ్లు ఆ రోజు ముందే రావడంతో పై అంతస్తుల ఆడవాళ్లంతా బిందెలతో ఒక్కసారిగా మెట్లు దిగారు. వాళ్లకు ఎదురెక్కి వచ్చిన తంతి మనిషి నాకు టెలిగ్రాం ఇచ్చాడు. ఉత్తర ముఖం రెక్కీ మంజూరైందనీ, నాయకత్వం నాదేననీ, జూన్ పదోతేదీకల్లా విధుల్లో చేరాలనీ అందులో ఉంది.

నేనప్పుడు సెలవులో ఉన్నాను. హిమాచల్‌లోని ఒక పర్వతారోహణ శిక్షణ సంస్థలో అప్పటికి పదకొండేళ్లుగా ఇన్‌స్ట్రక్టర్‌ని. కామాఠిపురా చిరునామా ఉన్నవాడు ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చాడని చాలామంది అడిగేవారు. జవాబు చిన్నదే. మా నాన్న పాలమూరు నుంచి వచ్చి ముంబయిలో ఇళ్లకు పరంజాలు కట్టేవాడు. గోడ కట్టేటప్పుడూ సున్నం వేసేటప్పుడూ మనిషి నిలబడడానికి వెదుళ్లతో కట్టే ఆ చట్రాన్ని మావాళ్లు మరాఠీ మాటతో పరాంచీ అంటారు. సహ్యాద్రి కొండలు ఎక్కే కాలేజీ కుర్రాళ్ల బృందం ఒకటి తాళ్లు మోయడానికి మా నాన్నను పిలిచేది. ఆయన వెంట నేనూ వెళ్లాను. మోయడం నుంచి ఎక్కడం, ఎక్కడం నుంచి నేర్పడం వచ్చాయి.

రెక్కీ అంటే ఏమిటో చెప్పాలి. లాహౌల్ ప్రాంతంలో ఒక హిమానీనదం చివర ఆ శిఖరం ఉంది. సర్వే మ్యాపులో దానికి పేరు లేదు, ఎత్తు చూపే అంకె మాత్రమే ఉంది. తూర్పు అంచు వెంట మంచు మీద నడిచి పైకి చేరే దారి అందరికీ తెలిసిందే. ఏటా మా అడ్వాన్స్ కోర్సువాళ్లు దాని మీదే వెళ్లివచ్చేవారు. ఉత్తరం వైపు గోడ మాత్రం నిట్టనిలువు. పక్కటెముకల్లాగా మూడు రాతి వరుసలు ఆ గోడలోంచి బయటికి పొడుచుకొని వచ్చి ఉంటాయి. మా భాషలో వాటిని రిబ్బులంటాం. వాటి మీద ఒక దారి ఉందా, ఉంటే ఎక్కడ రాయి గట్టిగా ఉంది, ఎక్కడ మంచు పలుచన, ఎక్కడ ఆగి తాడు కట్టవచ్చు అన్నది చూసి, ఒక్కొక్క తాడు పొడవుకు ఒక్కొక్క బొమ్మ గీసి ఇవ్వడం మా పని. శిఖరం చేరడం అందులో భాగం కాదు. ఈ పనికి ప్రశంసాపత్రాలు రావు. నాకు మాత్రం మొత్తం ఉద్యోగంలో ఇంతకన్నా ఇష్టమైన పని లేదు. ఎవరూ చెయ్యి పెట్టని రాతి మీద చెయ్యి పెట్టడం ఎలా ఉంటుందో ఇప్పటికీ అరచేతికి గుర్తుంది.

బృందానికి నేను, దోర్జే అనే జూనియర్ ఇన్‌స్ట్రక్టరు, ఒక తాత్కాలిక సహాయకుడు, ఒక వంటమనిషి. సహాయకుణ్ణి ఎంచుకునే అధికారం నాయకుడిది. నేను మా బావ నర్సింలు పేరు పంపాను. ఆయన మా అక్క భర్త, నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద, మా నాన్న దగ్గరే పని నేర్చుకున్న పరంజా మేస్త్రీ. ముంబయిలో వానలు మొదలైతే పరంజా పని ఆగిపోతుంది. ఆ ఖాళీలో అంతకు ముందు రెండేళ్లు ఆయన మా సంస్థలో తాళ్ల గదిలో పనిచేశాడు, ట్రైనీలతో పాటు బేసిక్ కోర్సు పూర్తి చేశాడు. నాన్న పోయాక నన్ను చదివించిందీ ఆయనే. చుట్టరికం చూసి ఎంచుకున్నానని ఎవరైనా అనుకుంటే, సగం నిజం. ఎత్తులో నిలబడి ముడి వేయడంలో అంతటివాణ్ణి నేను మా సంస్థలో కూడా చూడలేదు.

రైలుకు టిక్కెట్లు తీశాక బావ కదలలేదు. ఫాక్‌లాండ్ రోడ్డు పక్కన ఒక నాలుగంతస్తుల ఇంటికి ఆయన కట్టిన పరంజా ఇంకా దిగలేదు. నేను అక్కడికే వెళ్లాను. మూడో అంతస్తు ఎత్తులో అడ్డ వెదురు మీద చెప్పుల్లేకుండా నిలబడి, పళ్ల మధ్య తాడు కొస పట్టుకొని ఉన్నాడు.

“బావా, రైలు ఎల్లుండి పొద్దుగాల,” అన్నాను కింది నుంచి.

“రైలుకేం రా, దానికి పట్టాలున్నయ్, అదే పోతది. నాకు ముడులున్నయ్.”

పక్క వెదురు మీది మనిషి నవ్వాడు. “నర్సింలన్నా, నీ బామ్మర్ది సాబ్ అయిండు. గడియారం జూస్తుండు.”

“సాబ్ అయితే అయిండు గని, బూట్లిడిసి పైకి రమ్మను. నాలుగు ముడులు ఇప్పిపిద్దాం. మా మామ కొడుకే గద, మరిసిపోయిండేమో చూద్దాం.”

మిగతావాళ్లకు అప్పజెప్పి రావచ్చు కదా అన్నాను. ఆయన తాడు కొస మళ్లీ పళ్ల మధ్య పెట్టుకొని పక్క ముడి మీదికి వంగాడు. జవాబు నాకు తెలుసు. మా పనివాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ముడి వేసినవాడే ముడి విప్పాలి. ఏ ముడి మీద ఏ వెదురు బరువు ఆని ఉందో కట్టినవాడికి తెలుస్తుంది, వేరేవాడు విప్పితే వెదురు ఎగిరి తన్నుతుంది. రెండోది, తాడును కత్తితో కోయకూడదు. కోస్తే ఒరుగుతున్న వెదురు ఒక్కసారిగా వదులవుతుంది, తాడు ముక్కలు గోడకు వేలాడతాయి. అలా ముక్కలు వేలాడుతున్న ఇంటిని చూపించి ఎవరు కట్టారని అడుగుతారు, ఆ మేస్త్రీని మళ్లీ పిలవరు. ఇది నమ్మకం కాదు, పనిలోంచి వచ్చిన లెక్క. ఇంటి గోడ మీద ఆ లెక్క సరైనదే.

రైలును రెండు రోజులు వెనక్కి జరిపాను. బయల్దేరే రోజు అక్క గడపలో నిలబడి నాతో అన్న మాట ఇది: “ఈడ నా మాట ఇనడు, ఎవ్వని మాట ఇనడు. ఆడ నువ్వు పెద్దోనివి గద, నీ మాట ఇనాలె. ఇద్దరు పిల్లలు, నేను, అత్త, ఆయన చేతుల మీదనే బతుకుతున్నం. యాదుంచుకో తమ్మీ.”

“ఏందే, నన్ను స్కూలుకు పంపినట్టు చేస్తున్నవ్,” అన్నాడు బావ వెనక నుంచి. “వాని పలక కూడా నేనే మోసిన.”

జూన్ నెలాఖరుకు గోడ కింద గుడారం వేశాం. మొదటి మూడు రోజులు ఎక్కలేదు. రెక్కీలో మొదటి పని కూర్చొని చూడడం. దుర్భిణీ పెట్టుకొని ఏ రిబ్బు మీద ఎన్నింటికి రాళ్లు పడుతున్నాయో గంట గంటకూ రాసుకున్నాం. రాత్రి మంచు రాళ్లను పట్టి ఉంచుతుంది, ఎండ తగలగానే వదిలేస్తుంది. మొదటి రిబ్బు పది గంటల నుంచి రాళ్లు కురిపించింది. మూడో దాని నెత్తిన గాలికి పేరుకున్న మంచు అంచు చూరులాగా ముందుకు వేలాడుతోంది. రెండోది నల్లగా, పొడిగా, నిశ్శబ్దంగా ఉంది. దాన్ని ఎంచుకున్నాం.

ముగ్గురం ఒకే తాడుకు కట్టుకున్నాం. ముందు నేను, మధ్యలో బావ, చివర దోర్జే. పద్ధతి ఇలా ఉంటుంది. ముందున్నవాడు నలభై మీటర్ల తాడు అయ్యేదాకా ఎక్కి, రాతి పగులులో పిటన్ అనే ఉక్కు మేకు కొట్టి, లేదా రాతి కొమ్ముకు తాడు చుట్టి, తనను తాను కట్టుకొని, వెనకవాళ్లను రప్పిస్తాడు. ఆ చోటును మేం మజిలీ అనేవాళ్లం. అక్కడ ఒక తాడును శాశ్వతంగా కట్టి కిందికి వదులుతాం. సాయంత్రం దాని మీదుగా గుడారానికి దిగుతాం, మర్నాడు దాని మీదుగానే మళ్లీ పైకి వచ్చి అక్కడి నుంచి కొత్త రాయి మొదలుపెడతాం. ఎక్కేది నేనైనా, మజిలీల దగ్గర తాళ్లు కట్టే పని రెండో రోజు నుంచి బావ చేతికి వెళ్లింది. సంస్థ నేర్పిన ముడి వేసి, దాని మీద తన పరాంచీ చుట్టు ఇంకొకటి వేసేవాడు. దోర్జే తన మొత్తం బరువు వేసి లాగి చూసి, ఇది కొండ ఉన్నన్నాళ్లు ఉంటుందని హిందీలో అన్నాడు.

నాలుగో మజిలీ పైన గోడ నున్నగా ఉంది. పగుళ్లన్నీ మూసుకుపోయి, మేకు దిగలేదు. ఒకే ఒక పగులు ఉంది గాని అది మేకుకు మరీ వెడల్పు. గంటసేపు వెతికి, ఇక దారి లేదని పుస్తకంలో రాసుకోబోతున్నాను. బావ కింది నుంచి చూస్తూనే ఉన్నాడు. పొద్దున బయల్దేరేటప్పుడే పొయ్యిలోకి తెచ్చిన కట్టెల్లోంచి రెండు దుంగ ముక్కలు తన సంచిలో వేసుకొచ్చాడు. నా దాకా ఎక్కివచ్చి, వాటిని చెక్కి పగులులోకి బిగించి, రెంటినీ తాడుతో అడ్డంగా చుట్టి, దాని మీద తన బరువు పెట్టి ఊగాడు.

“ఎక్కు రా. మన పరాంచీనే ఇది. ఎదుర్లు లెవ్వంతే.”

నేను దాని మీద నిలబడ్డాను. చేతికి పైన ఒక అంచు తగిలింది. ఆ రిబ్బుకు తలుపు అక్కడే ఉంది. ఆ మధ్యాహ్నం చాప వెడల్పు ఉన్న ఒక గట్టు మీద ముగ్గురం కాళ్లు వేలాడేసి రొట్టెలు తిన్నాం. బావ గోడను కిందికీ మీదికీ చూసి, “ఎవ్వడు కట్టిండో గని పిలాస్టర్ మంచిగ చెయ్యలే. మన ముకద్దం చూస్తే బిల్లు ఆపుతుండె,” అన్నాడు. ముకద్దం అంటే పని తనిఖీ చేసే పెద్ద అని కలిపి దోర్జేకు హిందీలో చెప్తే నవ్వి నవ్వి నీళ్లు ఒలకబోసుకున్నాడు. ఎదురుగా లోయ అవతల వరసగా కొండలు, వాటిలో సగానికి పేర్లు లేవు. వచ్చే ఏడు అటు పోదామని బావ ఒకదాన్ని వేలితో చూపించాడు. ఏ కొండో నాకు సరిగ్గా తెలిసింది. దాని బొమ్మ ఇప్పటికీ గీయగలను.

ఎక్కడం మొదలైన ఐదో రోజు పదకొండు గంటలకు తొమ్మిదో మజిలీ చేరాం. అక్కడి నుంచి శిఖరపు అంచు రెండు తాళ్ల దూరం. మధ్యలో ఉన్నది నీలం రంగు గట్టి మంచు, నేరుగా పైకి. కష్టమైనదే గాని అర్థమయ్యే దారి. నేను బొమ్మ గీస్తుండగా పడమటి నుంచి మబ్బు వచ్చింది. పావుగంటలో గాలి, అరగంటలో మంచు జల్లు. వెనక్కి తగ్గుదామని చెప్పాను. ఆ నిర్ణయంలో తప్పు లేదు.

వెనక్కి తగ్గడానికి కూడా పద్ధతి ఉంది. కట్టి ఉన్న తాళ్ల మీదుగా జారుతూ దిగాలి, తాళ్లను అక్కడే వదిలేయాలి. వదిలేసిన సామానుకు విడిగా ఒక ఫారం ఉంటుంది, వాతావరణం కారణమని రాస్తే ఎవరూ అడగరు. తప్పనిసరై తాడు తీయాల్సి వస్తే కోయాలి. చివరగా దిగేవాడు నాయకుడు. ఇవి నేను పదకొండేళ్లుగా తరగతిలో చెప్తున్న వాక్యాలే.

దోర్జే ముందు దిగాడు. నేను బావను పొమ్మన్నాను.

“కట్టింది నేను,” అన్నాడు బావ. “నువ్వు నడువు. నేను ఇప్పుకుంట వస్త.”

“ఇడిసిపెడ్దాం బావా. సంస్థ ఏమనదు.”

“సంస్థ ఏమనదు రా, గోడ మీద తాళ్లు ఏలాడవెట్టి పోయిండని నాకు నేనే అనుకుంట. నడు, నడు.”

ఇంట్లో ఆయన మాటకు నేనెప్పుడూ ఎదురు చెప్పి ఎరుగను. నా నోట్లో ఉన్నది ‘వద్దు’ అనే ఒక్క మాట. అది రాలేదు. నేను దిగాను.

తర్వాత జరిగింది క్రమంగా చెప్తాను. తాడు విప్పుకుంటూ దిగడమంటే, పై మజిలీ ముడులు విప్పి, తాడును రాతి కొమ్ము చుట్టూ రెండు పేటలుగా వేసి, దాని మీదుగా దిగి, కింది నుంచి లాగేసుకోవడం. ప్రతి మజిలీకీ ఇది మళ్లీ చేయాలి. నేను ఒక మజిలీ కింద నిలబడి ఆయన్ని చూస్తున్నాను. మంచు జల్లుకు ముడులు తడిసి, గాలికి గడ్డకట్టాయి. ఉన్ని తొడుగులు వేసుకున్న చేతికి గడ్డకట్టిన ముడి లొంగదు. ఆయన తొడుగులు తీసి జేబులో పెట్టుకొని, నోటితో ఆవిరి ఊదుతూ వేళ్లతో విప్పడం మొదలుపెట్టాడు.

“బావా, తొడుగులు!” అని అరిచాను.

“తొడుగులేసుకొని ముడెట్ల ఇప్పుతర్రా బామ్మర్దీ? నీ లగ్గంల మెడల తాళి గూడ తొడుగులేసుకొనే కట్టినవా?”

నేను నవ్వాను. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ గాలిలో, ఆ గోడ మీద, నాయకుడినై ఉండి, నేను నవ్వాను.

ఇంకో రెండు మజిలీల తర్వాత మళ్లీ అన్నాను. తొడుగులు వేసుకోరాదు, కత్తి ఉంది కదా, కోసెయ్యరాదు బావా అని. అడిగాను, అంతే. ఆయన చెయ్యి ఊపి వంగిపోయాడు. తాళ్లు వదిలేసి దిగితే గంటన్నర పట్టే దారి మాకు ఐదున్నర గంటలు పట్టింది. కింద ఇక ఒక్క మజిలీ మిగిలి ఉండగా ఆయన నా పక్కకు దిగి నిలబడ్డాడు. మొహం ఎర్రగా, హుషారుగా ఉంది.

“ఇంతసేపు సల్లకు సచ్చిన గని, ఇప్పుడు మంచిగుంది. ఏళ్లకు సల్లనే తెలుస్తలేదు,” అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు అంతా తెలిసిపోయింది. చలి నొప్పి పోవడం బాగుపడడం కాదు. ఆయన కుడి చెయ్యి పట్టుకొని చూశాను. నాలుగు వేళ్లూ మైనంలాగా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అక్కడ మా కోసం ఆగి ఉన్న దోర్జే ఆఖరి ముడిని రెండు నిమిషాల్లో కత్తితో కోసేశాడు, విప్పి తెచ్చిన తాడు మీద ముగ్గురం దిగాం.

మంచు కొరికిన వేళ్లను రుద్దకూడదు, మంటకు చూపకూడదు. ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువ వెచ్చగా ఉన్న నీళ్లలో ఉంచాలి. గుడారంలో వంటమనిషి గిన్నెలో నీళ్లు కాచాడు. నా మోచెయ్యి ముంచి వేడి చూసుకొని ఆయన చేతులు అందులో పెట్టాను. “నా ఏళ్లతోని చాయ్ పెడ్తున్నవా?” అన్నాడు. ఇరవై నిమిషాలకు రక్తం తిరగడం మొదలై నొప్పి వచ్చింది. ఆ రాత్రంతా ఆయన పరిహాసమాడలేదు.

రెండు రోజులు నడిచి, ఒక రోజు జీపులో, లోయలోని ఆసుపత్రికి చేరాం. డాక్టరు తొందరపడలేదు. బతికిన కండకూ చచ్చిన కండకూ మధ్య గీత దానంతట అదే ఏర్పడేదాకా ఆగాలని చెప్పాడు. ఐదు వారాలు పట్టింది. కుడిచేతి నాలుగు వేళ్లు మధ్య కణుపు దాకా పోయాయి, ఎడమచేతివి రెండు. బొటనవేళ్లు మిగిలాయి.

ఆసుపత్రి వరండాలో కూర్చొనే ప్రమాద నివేదిక రాశాను. “చేతి తొడుగులు ధరించవలసిందిగా సభ్యునికి రెండుసార్లు చెప్పబడింది” అన్నది అందులో ప్రధాన వాక్యం. ఒక్క అక్షరం అబద్ధం లేదు. దాన్ని మూడుసార్లు చదువుకొని, సంతకం పెట్టకుండా సంచిలో పెట్టుకొని బావను ముంబయి తీసుకొచ్చాను.

ఆగస్టు. గల్లీ నిండా మోకాళ్ల లోతు నీళ్లు. చాల్ వరండాలో ఉన్నవాళ్లంతా లేచి దారి ఇచ్చారు. అక్క ఆయన చేతులు విప్పి చూసి, మళ్లీ గుడ్డ చుట్టి, ముద్దలు కలిపి తినిపించింది. బావ నాకేసి కన్ను కొట్టి, “చూసినవా, పెండ్లయిన పద్దెనిమిదేండ్లకు మీ అక్క చేత తింటున్న,” అన్నాడు. అత్త, అంటే ఆయన తల్లి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

కంచం కడిగి వచ్చాక అక్క నన్ను అడిగింది. గొంతు పెంచలేదు.

“ఆడ పెద్దోనివి నువ్వా, ఆయనా?”

“నేనే.”

“మరి చెప్పలేదా?”

“చెప్పిన అక్కా. రెండుసార్లు చెప్పిన.”

“నేను గూడ రోజు చెప్త. బీడీ తాగకు అని చెప్త. నేను ఆయన పెండ్లాన్ని, నేను చెప్పుడు గంతే. నీకు ఆపే అధికారం ఇచ్చిన్రు గద. ఆపినవా?”

బావ అందుకున్నాడు. “వాన్నేమనకే. నన్ను ఆపేటోడు ఇంకా పుట్టలే.”

“నువ్వు ఊకో. నేను నిన్ను అడుగుతలేను.”

ఆపలేదని చెప్పాను. ఆమె తల ఊపింది. ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు బతికింది, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

సంస్థకు తిరిగి వెళ్లి నివేదిక కొత్తగా రాశాను. సభ్యుడు నా అక్క భర్త, వయసులో పెద్ద. చివరగా దిగవలసిన నాయకుడు ముందు దిగాడు. తాళ్లు వదిలేయమని ఆజ్ఞ ఇవ్వలేదు, అడిగాడు. తొడుగులు తీసినప్పుడు ఆపలేదు, నవ్వాడు. ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆయన మంచి మనిషి. ఇవన్నీ రాయనవసరం లేదనీ, మొదటి నివేదికలో లోపమేమీ లేదనీ, నవ్వాడన్న మాట ఒక ప్రభుత్వ కాగితంలో ఎందుకనీ అడిగారు. జరిగిన క్రమంలో అది ఒక మెట్టు కాబట్టి రాశానన్నాను. ఆయన చివరికి స్వీకరించినట్టు సంతకం చేశారు.

విచారణ తర్వాత నన్ను రెక్కీ విభాగం నుంచి తప్పించి, సంస్థ దగ్గరి బండల మీద మొదటి పాఠాలు చెప్పే విభాగంలో వేశారు. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. అన్యాయమని ఎప్పుడూ అనుకోలేదు. రెండో రిబ్బు మీద మిగిలిన రెండు తాళ్ల దూరం అలాగే ఉండిపోయింది. రాళ్లు ఎక్కువగా పడుతున్నాయని కొన్నేళ్లకు ఆ ముఖాన్నే మూసేశారు.

బావ పరంజా మీదికి మళ్లీ ఎక్కలేదు. మేస్త్రీలు ఆయన్ని వదులుకోలేదు. కింద నిలబడి ఏ వెదురు ఎక్కడ ఆనాలో చెప్పేవాడు. మోడు వేళ్లతో గాలిలో ముడి వేసి చూపిస్తే పైన ఉన్నవాళ్లు చూసి కట్టేవారు. పదమూడేళ్లు అలా చేశాడు. కామెర్లతో పోయాడు. నేను చేరేసరికి దహనం అయిపోయింది. ఆయన మనవలు నాతో మరాఠీలో మాట్లాడతారు, మర్యాదగా, మామా ఆజోబా, అంటే మామ తాతా, అని పిలుస్తారు. బామ్మర్దీ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

విభాగం మారిన తర్వాత కూడా ఒక కోర్సు సామాను చేరవేయడానికి నన్ను ఆ హిమానీనదం దాకా రెండుసార్లు పంపారు. రెండుసార్లూ దుర్భిణీతో ఆ గోడను మజిలీ మజిలీగా వెతికాను. పిటన్లు ఆ దూరానికి కనిపించవు. తాళ్లయితే కనిపించేవి. నైలాను తాడు ఎండకు వెలిసి తెల్లబడుతుంది గాని ఏళ్ల తరబడి పోదు. ఇతర గోడల మీద ఎవరెవరో వదిలేసిన తాళ్లు ఇప్పటికీ వేలాడుతున్నాయి, వాటిని చూసి ఫలానావాళ్లు ఇంతదాకా వచ్చారని చెప్పుకుంటాం. మా గోడ మీద ఏమీ లేదు. దోర్జే కోసిన ముక్క ఆ చలికాలమే మంచు కింద పడిపోయి ఉంటుంది. పైన ఎనిమిది చోట్ల బావ ఒక పోగు కూడా మిగల్చకుండా విప్పుకొచ్చాడు. ఒక్కటి వదిలి ఉంటే బాగుండేదని నేను అనుకోని రోజు తక్కువ. ఆయన చేతి ముడి ఇప్పుడు ఎక్కడా లేదు.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు ఈ సంఘటన నుంచి తీసుకోవలసింది ఇంతే. పెద్దవాళ్లను అడగవచ్చు, బతిమాలవచ్చు, కాని తాడు మీద ఉన్నప్పుడు అడగడం ఆజ్ఞ కాదు. ఆజ్ఞ ఇవ్వలేని మనిషిని నాయకుడు తన తాడుకు కట్టుకోకూడదు. ఆ మనిషి ఎంత నేర్పరి అన్నది దీనికి సంబంధించిన విషయం కాదు. ఒక చోట సరైన పద్ధతి ఇంకొక చోటికి అలాగే వస్తుందనుకోవడం పనివాడి పొరపాటు. అది చూసి ఆపకపోవడం నాయకుడి తప్పు. రెండూ ఒకటి కావు, నివేదికలో విడివిడిగా రాయాలి.

నా నివేదిక చివర ఒక సిఫారసు చేశాను. దాన్ని మరుసటి ఏడాది నిబంధనల్లో చేర్చారు. మా సంస్థలో ఇప్పుడు దగ్గరి చుట్టాలను ఒకే తాడుకు కట్టడం లేదు.